మూడో పిలుపు

పోయినవారం కథ ఎక్కడ ఆగిందో గుర్తున్నవాళ్ళు ఈ మొదటి మాటలు దాటేసి ముందుకు వెళ్ళిపోవచ్చు, నాకేం కోపం లేదు. గుర్తు లేనివాళ్ళకీ, పత్రిక ఇవాళే మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్ళకీ చెబుతున్నాను.

నేను బళ్ళో లైబ్రరీ చూసుకునే మనిషిని. చివరి తరగతి పిల్లలు బడి వదిలాక ఏం చదవాలో, ఎక్కడ చదవాలో, దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పే పని కూడా హెడ్‌మిస్ట్రెస్ నా నెత్తిన పెట్టింది. "మీకు ఆరా ఎక్కువ కదా, అది కాస్త పిల్లలకు పనికొచ్చేలా వాడండి" అంది. అది మెచ్చుకోలో దెప్పుడో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ ఏడాది లా చదువుతామంటూ వచ్చినవాళ్ళలో ఎందుకమ్మ ఒకతి. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని లెక్కల మాస్టారు పెట్టిన పేరు అది. వాళ్ళ నాన్నది కోర్టులో తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచే ఉద్యోగం. లాయర్లందరికీ ఆయన పిలుపుల బాబాయి. పిల్ల ప్రవేశపరీక్ష నెగ్గింది. కాలేజీ ఎంచుకుంది. ఇక మిగిలింది, ‘నేను లా ఎందుకు చదవాలనుకుంటున్నాను’ అని ఒక పేజీ రాసి పంపడం, దాని కింద తండ్రి సంతకం. అది చూశాకే కాలేజీవాళ్ళు ఇంటర్వ్యూకు పిలుస్తారు. గడువు ఇవాళ్టితో సరి. సంతకం పెట్టడానికి నవ్వుతూ వచ్చిన పెద్దమనిషి ఆ పేజీ చదివి, నవ్వు మానేసి, "ఇది పంపడానికి వీల్లేదు" అన్నాడు. అక్కడ ఆపాను.

ఇప్పుడు వినండి.

లైబ్రరీ వెనకగది నా దర్బారు. అట్టలు ఊడిన పుస్తకాలు గోడ పొడుగునా పేర్చి ఉంటాయి, ఎప్పుడూ జిగురు వాసన. ఉన్న కుర్చీల్లో ఒకదానికి కాలు కుంటి. వచ్చినవాళ్ళకు ముందే చెప్పి జాగ్రత్తపెడతాను. ఆ రోజు చెప్పడం మరిచిపోయాను. ఆయన అందులోనే కూర్చుని, అది ఒకవైపు ఒరిగినా పట్టించుకోకుండా పేజీని బల్ల మీద బోర్లించి దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"బాగా రాయలేదా నాన్నా?" అంది ఎందుకమ్మ.

"బాగానే రాశావమ్మా."

"మరి?"

"వేరేది రాసుకో. నువ్వు తలుచుకుంటే అరగంట పని. మేడమ్ గారు, మీరైనా చెప్పండి."

నేనేం చెబుతాను? అలాంటి పేజీ నా చేతికి రావడం ఇదే మొదటిసారి. లా అని వచ్చే పిల్లలందరినీ ముందు ఒక పూట కోర్టుకు వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని రమ్మంటాను. వచ్చాక ఏం చూశావని అడుగుతాను. అది నా పద్ధతి. ఒకడు నల్లకోట్లు భలే ఉన్నాయన్నాడు, వాణ్ణి సినిమాల్లోకి వెళ్ళమన్నాను. ఇంకొకడు ‘ఇంట్లో అందరితో వాదిస్తాను మేడమ్, అందుకే లా’ అన్నాడు. నాయనా, లాయరుకు నోటికన్నా ముందు చెవులు పనిచెయ్యాలి, ఇంటికి వెళ్ళి నాలుగురోజులు ఎవరేమన్నా ఊరుకుని చూడు, తర్వాత మాట్లాడదాం అన్నాను. మళ్ళీ రాలేదు వాడు. ఎందుకమ్మ మాత్రం వచ్చి, "మేడమ్, అందరూ లోపలున్నవాళ్ళనే చూస్తున్నారు. పేరు పిలిచినా రానివాళ్ళు ఆ టైముకు ఎక్కడుంటారు?" అని అడిగింది. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లకు బడి అవగానే చేరే ఐదేళ్ళ లా కోర్సే సరి అని. ముందు వేరే డిగ్రీ చేసి తర్వాత మూడేళ్ళ లా చదివే దారి కూడా ఉంది. ఏం చదవాలో తేలనివాళ్ళకు అది మంచిదే. ఈ పిల్లకు ఎప్పుడో తేలిపోయింది. ఎంచుకున్న కాలేజీ కూడా పేరు చూసి కాదు, అక్కడి విద్యార్థులు వారానికోసారి బయట బల్ల వేసుకుని వచ్చినవాళ్ళ గోడు ఊరికే వింటారని తెలిసి ఎంచుకుంది.

ఆ పేజీలో ఉన్నది ఇది. నాకు దాదాపు కంఠతా వచ్చేసింది.

‘ఒక ఆవిడ ఒక గదిలో పని చేసుకుని బతికేది. గది ఖాళీ చెయ్యమని సొంతదారు కేసు వేశాడు. విచారణ రోజు ఆవిడ పొద్దున్నే వచ్చి కోర్టు వరండాలో కూర్చుంది. తన పేరు పిలిచారు. ఆవిడ లోపలికి వెళ్ళలేదు. రాలేదు కాబట్టి ఓడిపోయింది. గది పోయింది. చిన్నప్పుడు మా నాన్న చెప్పిన కేసుల్లో ఇది ఒకటి. తీర్పు ఏమిటో నాకు తెలుసు. కానీ అక్కడే ఉండి కూడా ఆవిడ ఎందుకు వెళ్ళలేదో ఎవరూ అడగలేదు. అది అడగడానికి చట్టంలో చోటు ఉందా, ఉంటే ఎక్కడుంది అని వెతకడానికి నేను లా చదవాలనుకుంటున్నాను.’

చదవగానే నా ఒళ్ళు ఝల్లుమంది. తండ్రి కూడా పొంగిపోతాడనుకున్నాను.

"ఇందులో ఒక మాట తప్పు రాశావు" అన్నాడాయన, పేజీ మీద చెయ్యి తియ్యకుండా.

"ఏది?"

"నేను చెప్పానని రాశావు. ఈ కేసు నీకు నేను చెప్పలేదు."

ఎందుకమ్మ నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. రాత్రి భోజనాల దగ్గర తండ్రి ఆ రోజు విన్న కేసు ఒకటి చెబుతాడు, ఎవరి పేర్లూ లేకుండా. తల్లీ కూతురూ కంచాలు ఎత్తేలోపు తీర్పు చెప్పాలి. చెప్పాకే జడ్జిగారి తీర్పు ఏమిటో ఆయన బయటపెడతాడు. పిల్ల పాలపళ్ళ నాటి నుంచీ తీర్పులు చెబుతోంది. కోర్టుకు సంబంధించిన కథ ఏదైనా ఆ ఇంట్లోకి ఆయన నోటి నుంచే రావాలి.

"నువ్వు కాక ఇంకెవరు చెబుతారు నాన్నా? మరిచిపోయావేమో."

"నేను మరిచిపోయే కేసు కాదమ్మా అది."

ఆ మాటతో నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. నిజం చెప్పాలంటే, లేచి బయటికి వెళ్ళాల్సిన సమయం అదే. తండ్రీకూతుళ్ళ మధ్య నేనెవరు? ‘మీరు మాట్లాడుకోండి, నేను టీ చెప్పి వస్తాను’ అని నోటిదాకా వచ్చింది. కాళ్ళు కదిలితే ఒట్టు. పైగా నోరు ఊరుకుందా? "ఎక్కడ విన్నావు నువ్వు, భోజనాల దగ్గరేనా?" అని నేనే అడిగాను.

"భోజనాల దగ్గరే మేడమ్" అంది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. "కాదు. కూర్చుని లేను. నిలబడి ఉన్నాను. చాలాసేపు నిలబడి ఉన్నట్టు, చేతులు నొప్పి పుట్టినట్టు గుర్తు."

"చేతులా? నిలబడితే కాళ్ళు కదా నొప్పి పుట్టాల్సింది."

"చేతులే మేడమ్."

అది అక్కడే వదిలేసి ఆ పిల్ల తండ్రి వైపు తిరిగింది. తన కుర్చీ కొంచెం ముందుకు లాక్కుంది. గొంతు పెంచలేదు, ముఖంలో కోపం లేదు. అడిగిన తీరు మాత్రం వేరుగా ఉంది. అంతకుముందు ఆ పిల్ల అడిగే ప్రశ్నలు పిల్లల ప్రశ్నలు. ఇవి అలా లేవు.

"అంటే ఈ కేసు నిజంగా జరిగింది."

"జరిగింది."

"నువ్వు పనిచేసే కోర్టులోనే."

"ఊఁ."

"ఆ రోజు తలుపు దగ్గర ఉన్నది నువ్వేనా?"

ఆయన నా వైపు చూశాడు. నేను జిగురు సీసా మూత గట్టిగా బిగించసాగాను. అది అప్పటికే బిగించి ఉంది.

"నేనే" అన్నాడు.

"ఎన్నిసార్లు పిలిచావు నాన్నా?"

ఇక్కడ చదివేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. కోర్టులో పేరు పిలిస్తే ఒక్కసారి పిలిచి ఊరుకోరు, మూడుసార్లు పిలుస్తారు. ఒక పిలుపుకూ ఇంకో పిలుపుకూ మధ్య, వరండా ఆ చివర ఉన్న మనిషి లేచి నడిచి వచ్చేంత ఎడం ఇస్తారు. మూడోదానికీ పలకకపోతే పిలిచినాయన లోపలికి తల తిప్పి ‘మూడు పిలుపులూ అయ్యాయి’ అంటాడు. అంతే, ఆ మనిషి రానట్టే లెక్క, వినేది రెండో పక్షాన్నే. ఇది నాకు చెప్పింది కూడా ఎందుకమ్మే. వాళ్ళ నాన్న గొంతు మూడు వీధులకు వినబడుతుందని, ఆ వరండాలో ఆయన పిలుపు వినలేదని చెప్పి తప్పించుకున్నవాడు లేడని ఎంత గొప్పగా చెప్పిందో.

ఇప్పుడు ఆ గొంతు పెగలడం లేదు.

"రెండుసార్లు" అన్నాడు చివరికి.

ఎందుకమ్మ తొందరపడలేదు.

"లోపలికి ఏమని చెప్పావు?"

"మూడూ అయ్యాయని."

"ఎందుకు?"

"మధ్యాహ్నం జడ్జిగారు లేవబోయే ముందు ఆఖరి పేరు అది. అప్పుడే క్యాంటీను అతను పరిగెత్తుకుంటూ వచ్చి చెవిలో చెప్పాడు, ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందని. ఆడపిల్ల, తల్లీ బిడ్డా బాగున్నారు అని." ఆయన అరచెయ్యి పేజీ మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాకు నిలబడబుద్ధి కాలేదు తల్లీ. ఎప్పుడెప్పుడు లేస్తారా, ఎప్పుడు పరిగెత్తుదామా అని ఉంది. ఒక్క పిలుపు మిగుల్చుకున్నాను."

అప్పటిదాకా తడబడని పిల్ల కళ్ళు కిందికి దించుకుంది. తను పుట్టిన రోజు. ఆ ఆడపిల్ల తనే.

పోనీలే అమ్మా, మీ నాన్న సంతోషంలో చేశాడు అనాలనిపించింది. నా మాట అక్కడ ఎవరికి కావాలి? ఊరుకున్నాను.

"ఆవిడ?" అంది ఎందుకమ్మ.

"బయటికి వచ్చేసరికి వరండా చివర బల్ల మీదే కూర్చుని ఉంది. చేతిలో నీళ్ళ గ్లాసు. అక్కడంతా జనం, గోల. నా గొంతు అందలేదనుకున్నాను. ఇంకొక్కటి పిలిచుంటే అందేది, లేచి వచ్చేది. నన్ను చూసింది. నేను చూడనట్టు దిగి వెళ్ళిపోయాను. నిన్ను చేతుల్లోకి తీసుకున్నప్పుడు కూడా ఆ గ్లాసే కళ్ళ ముందు ఉంది."

"అందుకే నన్ను లా వద్దన్నావా మొదట్లో?"

"లా చదివితే ఎప్పుడో ఒకప్పుడు నీకు తెలుస్తుందని భయం. తర్వాత నువ్వు పట్టుపట్టావు, సరే అనుకున్నాను. ఇవాళ ఇక్కడికి వచ్చి చూస్తే, నువ్వు తెలుసుకుందామని బయల్దేరిందే అది. రేపు ఇంటర్వ్యూలో పెద్దవాళ్ళు ఈ పేజీ ముందు పెట్టుకుని, మీ నాన్న అక్కడే పనిచేస్తాడా అని అడుగుతారు. ఏం చెబుతావు?"

"నిజం చెబుతాను."

"అదే నా భయం."

వేరే పేజీ రాయడం ఆ పిల్లకు నిజంగా అరగంట పనే. కానీ ఆ పిల్ల ముఖం చూస్తే రాయదని తెలిసిపోయింది. ఆయన సంతకం లేకపోతే ఈ పేజీ వెళ్ళదు. పేజీ వెళ్ళకపోతే సీటు లేదు, ఏడాది పోయినట్టే. గోడ మీద గడియారం వైపు చూడకూడదని ఎంత అనుకున్నా నా కళ్ళు అటే పోతున్నాయి.

ఆయనే తేల్చాడు. కుంటి కుర్చీలో సర్దుకుని నిటారుగా కూర్చుని, భోజనాల దగ్గర అడిగినట్టే అడిగాడు. "కేసు మొత్తం విన్నావు కదమ్మా. తీర్పు చెప్పు."

"చెప్పను."

"ఏం?"

"రెండో పక్షాన్ని వినకుండా నేనెలా చెబుతాను నాన్నా? నువ్వు చేసిన తప్పు మళ్ళీ నన్ను చెయ్యమంటావా?"

ఆ దెబ్బ ఆయనకు తగిలింది. తగలడానికి అనలేదా పిల్ల, ఉన్నమాట అంది. ఆయన వంచుకున్న తలను నెమ్మదిగా ఊపాడు.

"ఆవిడ ఇప్పుడెక్కడుందో తెలుసా నీకు?"

"తెలుసు. నీకూ తెలుసు."

"నాకా?"

"నీ ఒంటి మీద ఆ చొక్కా ఎవరు కుట్టారమ్మా?"

ఎందుకమ్మ చొక్కా అంచు పట్టుకుని చూసుకుంది. నేనూ చూశాను. బళ్ళో ఇంతమంది పిల్లలున్నా ఒంటికి సరిగ్గా అమరిన యూనిఫాం ఆ పిల్లదే. ఎవరు కుడతారని ఆరా తీసింది కూడా నేనే, మా ఇంట్లో పిల్లకు కుట్టిద్దామని. ‘కుట్టత్త మేడమ్, వంతెన అవతల, రెండు బస్సులు మారాలి’ అంది. ఇంటి పక్కనే అంతమంది టైలర్లుండగా అంతదూరం ఎందుకని అడిగితే, ‘మా నాన్నకు అక్కడే కావాలి’ అంది. అంతటి ఎందుకమ్మ కూడా ఎప్పుడూ ఎందుకని అడగని సంగతి అదొక్కటే కాబోలు. పుట్టినప్పటి నుంచీ ఉన్నదాన్ని ఎవరు మాత్రం అడుగుతారు?

"కుట్టత్తా?" అంది. గొంతు చిన్నదైపోయింది.

"గది పోయాక ఎక్కడికెళ్ళిందో వెతికాను. ఒక ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుందని తెలిసింది. నీకు మొదటి గౌను గుడ్డ పట్టుకెళ్ళాను, చెప్పేద్దామనే. గడప దగ్గరికి వెళ్ళాక నోరు రాలేదు. నా ముఖం పోల్చుకోలేదు, నోరు తెరిస్తే గొంతు గుర్తుపట్టేస్తుంది కదా. గుడ్డ అందించి, వేలితో పొడుగు చూపించి వచ్చేశాను. ఇక అంతే, అలవాటైపోయింది."

"నువ్వు సిగ్గరివనుకున్నాను నాన్నా. అత్త అయితే నీకు మాటలే రావనుకుంటోంది. మొన్న ఇంటర్వ్యూ కోటు కొలతలప్పుడు కూడా, గురువారం రమ్మని నీకు చేత్తో సైగ చేసి చెప్పింది."

ఊరందరికీ వినబడే గొంతున్న మనిషి ఇన్నేళ్ళుగా ఒక గడప ముందు మూగవాడిలా నిలబడ్డాడన్నమాట. కూతురేమో ఆయన బదులు మాట్లాడీ మాట్లాడీ ఇంత మాటకారి అయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. పాపం, ఎంత గట్టి మనిషి, ఎంత పిరికి మనిషి.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. "ఆగండి ఆగండి" అన్నాను. "అన్నీ బాగానే ఉన్నాయి, ఈయన చెప్పకపోతే ఈ కథ నీకు ఎవరు చెప్పారు?"

ఎందుకమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత లేచి నిలబడింది. కళ్ళు మూసుకుంది. దేన్నో వెతుక్కుంటున్నట్టు ఆ పిల్ల చేతులు రెండూ నెమ్మదిగా పక్కలకు లేచాయి, భుజాల దాకా వచ్చి ఆగాయి. కొలతలు ఇచ్చేటప్పుడు నిలబడతారే, అలా.

"కదలకు, కదిలితే కొలత తప్పుతుంది అనేది" అంది కళ్ళు తెరవకుండా. "కదలకుండా ఉండాలని కథ చెప్పేది. నాన్నా, ఈ కథ నాకు అత్త చెప్పింది."

కుంటి కుర్చీ టక్కున ఒరిగింది. ఆయన బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"అయితే ఆవిడకు తెలుసు" అన్నాడు.

ఎందుకమ్మ పేజీని సంచిలో పెట్టుకుంది. "ఇవాళ గురువారం. ఇంటర్వ్యూ కోటు చూసుకోవడానికి ఎలాగూ రమ్మంది. నువ్వు వస్తావా నాన్నా?"

ఆయన చొక్కా సర్దుకుని లేచాడు. నన్ను ఎవరూ రమ్మనలేదు. లైబ్రరీకి తాళం వేసి నేనూ వెళ్ళాను. సంతకం పెడితే పేజీ పంపించాల్సింది నేనే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మా ఆయన వింటే నవ్వుతాడు.

రెండు బస్సులూ ఖాళీగా ఉన్నాయి. తండ్రి కిటికీ పక్కన, కూతురు ఆయన పక్కన, నేను వెనక సీట్లో. వంతెన మీద ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుంది. కోపం తీరి కాదని నాకు తెలుసు. తీర్పు ఇంకా చెప్పలేదు.

అదొక సన్నటి సందు. సైకిళ్ళు బాగుచేసే కొట్టు, దాని పక్కన రంగు వెలిసిన తలుపు, అది బార్లా తెరిచి ఉంది. లోపల మిషను చప్పుడు. ఆవిడ గోడ వైపు తిరిగి, మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు ముడివేసి, ముడిలో ఒక సూది గుచ్చుకుంది. మేకుకు నల్లకోటు వేలాడుతోంది, చేతుల మీద తెల్ల దారంతో వదులుగా వేసిన పచ్చికుట్లు ఇంకా ఉన్నాయి. నేల మీద గుడ్డపేలికలు, సుద్దముక్కలు. ఈ గది ఇంత చిన్నదే, పోయిన గది ఎంత ఉండేదో అని అనుకోకుండా ఉండలేకపోయాను.

ఎందుకమ్మ ఎప్పటిలాగే అత్తా అంటూ లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను. గడప దగ్గర ఆగిపోయింది. పక్కకు జరిగి తండ్రికి దారి ఇచ్చింది.

"నువ్వే పిలువు నాన్నా. మూడోది మిగిలే ఉంది."

ఆయన నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. గొంతు సవరించుకున్నాడు. చేతులు రెండూ పక్కలకు అంటించి, కోర్టు తలుపు దగ్గర నిలబడినట్టు నిలబడ్డాడు. ఆవిడ పేరు, వాళ్ళ నాన్నగారి పేరుతో సహా, కోర్టు కాగితంలో ఎలా ఉందో అలా, ఒక్క అక్షరం మింగకుండా పిలిచాడు. సైకిళ్ళ కొట్టతను చేతిలో పని ఆపి తల ఎత్తాడు. ఎదురింటి కిటికీలో ఎవరో తొంగిచూశారు.

మిషను ఆగింది.

ఆవిడ వెనక్కి తిరగలేదు. కుడుతున్న దారం తుంచింది, మిషను పాదం ఎత్తి గుడ్డ తీసింది, మడిచి పక్కన పెట్టింది.

"ఉన్నాను" అంది. అప్పుడు తిరిగింది. ముఖంలో ఆశ్చర్యం లేదు. "గొంతు ఏమాత్రం తగ్గలేదు అన్నయ్యగారూ."

"నీకు తెలుసా అత్తా? ఎప్పటి నుంచి?" అంది ఎందుకమ్మ.

"నువ్వు ఇంతప్పటి నుంచి. నీకు కొలతలు తీస్తున్నాను. సందులో ఎవరి పాపో సైకిలు కిందికి వెళ్ళబోతే, నిన్ను దింపి సందు చివరికి వెళ్ళిన మీ నాన్న ఒక్క కేక వేశాడు. సైకిలు ఆగింది, నా చెయ్యీ ఆగింది. మాటలు రావనుకున్న మనిషి, అది నేను వినలేదనుకుని, తిరిగొచ్చి మళ్ళీ మూగనోము పట్టాడు. సరే, ఆయన సరదా ఎందుకు చెడగొట్టాలని నేనూ ఊరుకున్నాను. ఆ రోజే, ఆయన తిరిగి రాకముందే, నీకు ఆ కథ చెప్పాను. ఇంటికి వెళ్ళి ఆయనకు చెబుతావనుకున్నాను. నువ్వేమో ఆయనే చెప్పాడనుకున్నట్టున్నావు."

పిలుపుల బాబాయి గడప మీదే ఉన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఆ రోజు నేను మూడోసారి పిలవలేదమ్మా" అన్నాడు. "మూడూ అయ్యాయని అబద్ధం చెప్పాను. పిలిచుంటే నీకు వినపడేది, లోపలికి వచ్చేదానివి. నీ గది నీకు ఉండేది. నా నోటితో పోగొట్టాను."

ఆవిడ ఆయన్ని చాలాసేపు చూసింది. ఆ చూపులో నాకు కోపం కనబడుతుందనుకున్నాను, జాలి కనబడింది. మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది.

"ఇన్నేళ్ళూ మీరు మోస్తున్నది ఇదా అన్నయ్యగారూ?" అంది. "మూడోది దేనికండీ? నాకు మొదటి పిలుపే వినబడింది."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వినబడింది. వినబడి కూర్చుంది. నీళ్ళ గ్లాసు పట్టుకుని, బతుకుతెరువు పోతుందని తెలిసి, లేవకుండా కూర్చుంది.

ఇప్పుడు ఎందుకని అడగాల్సింది ఆ పిల్ల. నేను ఆ పిల్ల వైపే చూస్తున్నాను, నా నాలుక చివర కూడా ఆ మాటే ఉంది. ఎందుకమ్మ అడగలేదు. సంచి తీసి కింద పెట్టింది, పేజీ అందులోనే ఉంది, సంతకం లేకుండా. గది మధ్యకు వెళ్ళి నిలబడింది.

ఆవిడ మేకు నుంచి కోటు తీసి ఆ పిల్ల భుజాల మీద వేసింది. అంచులు లాగి చూసింది. టేపు విప్పింది.

"చేతులు చాపు" అంది. "కదలకు. అప్పుడు నీకు సగమే చెప్పాను."